వైద్య విద్యాగురువు విలియం ఆస్లర్

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మన పెద్దలు చెప్పుచుందురు. రోగముల విషయమున ఈ సామెత ఎంత సత్యమో మనము తఱచుగా మఱచిపోవుచుందుము. ఇంటిలో బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. ఆయన నాడి చూచి, మందిచ్చి, పథ్యము చెప్పును. జ్వరము తగ్గినంతనే మన ఆందోళనయు తగ్గును. ఆ జ్వరము ఎచ్చటినుండి వచ్చెను? త్రాగిన నీటివలననా, దోమకాటువలననా, ప్రక్కను పరుండినవారి వలననా? ఇట్లు విచారించువారు అరుదు. అందువలననే నెల తిరుగకముందే అదే ఇంట మఱియొక బిడ్డ మంచమెక్కును.

వచ్చిన రోగమును కుదుర్చుట యొక పని. రానున్న రోగమును ఆపుట మఱియొక పని. మందులతోను పథ్యముతోను నయముచేయు విద్యను కాయచికిత్స యందురు. రోగము పుట్టుచోటనే దానిని అరికట్టు విద్యను రోగనివారణ శాస్త్రమందురు. చిరకాలము ఈ రెండు విద్యలును ఒకరి మొగమొకరు చూడని దాయాదులవలె వేఱుగా నుండెను. మొదటిది ఆసుపత్రులలోను, రెండవది పురపాలక సంఘముల పారిశుద్ధ్యశాఖలలోను నిలిచిపోయెను. నేడు అమెరికా దేశమున ఈ రెంటిని కలిపి, పట్టము పొందిన యువవైద్యులకు నాలుగేండ్లపాటు నేర్పు శిక్షణలు గలవు. అట్టి శిక్షణకు పేరైనను లేని కాలమున, తన శిష్యులను రోగి మంచమునొద్దకును, అటనుండి రోగి యింటికిని నడిపించిన గురువొకడుండెను. ఆయనయే సర్ విలియం ఆస్లర్. ఆ మహాశయుని జీవితమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

ఆస్లర్ 1849వ సంవత్సరము జూలై 12వ తేదీన కెనడా దేశమునందలి బాండ్ హెడ్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి ఫెదర్‌స్టన్ ఆస్లర్ మొదట నౌకాదళమున పనిచేసి, పిమ్మట క్రైస్తవ మతాచార్యుడై ఇంగ్లండునుండి ఆ అడవి ప్రాంతమునకు వచ్చి స్థిరపడినవాడు. విలియం ఆయన చివరి కుమారుడు. ఈ బాలుడు చదువునందు చుఱుకైనవాడేగాని, అల్లరియందు అంతకంటెను చుఱుకైనవాడు. డండాస్ పట్టణములోని పాఠశాలలో బాతులమందను తరగతిగదిలోనికి తోలినవారిలో ఇతడొకడని చెప్పుదురు. తుదకు ఆ పాఠశాలనుండి అతనిని వెడలగొట్టిరి. మన విద్యార్థులు ఇందలి అల్లరిని గాక, అటుపిమ్మట జరిగినదానిని గమనింతురుగాక!

వేఱొక పాఠశాలకు వెళ్ళిన ఆస్లర్‌కు అచ్చట జాన్సన్ అను మతాచార్యుడు గురువుగా లభించెను. ఆయనకు సూక్ష్మదర్శినియన్న మిక్కిలి ప్రీతి. చెఱువునీటి బొట్టులోని జీవులను, నాచును, రాతిపొరలను శిష్యునకు చూపి, కంటికి కనబడని లోకమొకటి కలదని తెలియజెప్పెను. కుఱ్ఱవాని చాపల్యము కుతూహలముగా మాఱెను. తండ్రివలె మతాచార్యుడు కావలెనని 1867లో టొరాంటో నగరమున కళాశాలలో చేరినను, బోవెల్ అను వైద్యాచార్యుని సాంగత్యమున మఱుసటి యేడే వైద్యవిద్యకు మఱలెను. ఆపై మాంట్రియల్ నగరమునందలి మెగిల్ విశ్వవిద్యాలయమున చేరి 1872లో వైద్యపట్టము పొందెను. అచ్చట హోవర్డ్ అను ఆచార్యుడు ఆయనకు మూడవ గురువయ్యెను. ఈ మువ్వురి పేర్లను ఆస్లర్ తన జీవితాంతమువఱకును కృతజ్ఞతతో స్మరించుచుండెను.

తరువాత లండను, బెర్లిన్, వియన్నా నగరములకు పోయి రెండేండ్లు పరిశ్రమించెను. లండనునందు 1873లో రక్తమును పరిశీలించుచు, నేడు ప్లేట్‌లెట్లని పిలువబడు మిక్కిలి చిన్నకణములను గూర్చి చక్కని పరిశోధన చేసెను. 1874లో మెగిల్‌కు ఉపాధ్యాయుడుగా తిరిగివచ్చినప్పుడు ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు మాత్రమే.

మాంట్రియల్‌లో ఆ దినములలో మశూచి ప్రబలియుండెను. పెద్ద ఆసుపత్రికి చేరిన మశూచి విభాగమున పనిచేయుటకు ఆస్లర్ అంగీకరించెను. ఆయనకు ఆ వ్యాధియు సోకెను. అదృష్టవశమున స్వల్పముగా వచ్చి పోయెను. ఆ పనికి లభించిన ధనముతో ఆయన తన విద్యార్థుల కొఱకు సూక్ష్మదర్శినులను కొనెను. పిమ్మట శవపరీక్షల శాఖకు అధికారియై వందలకొలది శవములను స్వయముగా పరీక్షించెను. రోగి బ్రతికియుండగా వైద్యుడు ఊహించినది యేమి, మరణానంతరము శరీరమున కనబడినది యేమి యని పోల్చిచూచుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఎంతటి పెద్దవైద్యుని ఊహయైనను తప్పవచ్చునని ఆ బల్ల ఆయనకు నేర్పెను. మఱియొక సంగతియు నేర్పెను. క్షయచేతను, సన్నిపాత జ్వరముచేతను మరణించిన వారి దేహములను చూడగా, ఆనాటి మందులలో అనేకములు ఈ రోగములను తాకనైనను తాకలేదని తేటతెల్లమయ్యెను. కుదుర్చలేని రోగమును రాకుండ చేయుటయే మార్గమను భావమునకు బీజము ఇచ్చటనే పడినదని మేము తలంతుము.

1884లో ఆస్లర్ ఫిలడెల్ఫియా నగరమునందలి విశ్వవిద్యాలయమునకు వైద్యాచార్యుడై వెళ్ళెను. అయిదేండ్ల పిమ్మట బాల్టిమోర్ నగరమున జాన్స్ హాప్‌కిన్స్ అను వర్తకుని దానముతో నిర్మింపబడిన గొప్ప ఆసుపత్రి తెఱవబడెను. వైద్యశాఖకు ఆస్లర్, శస్త్రచికిత్సకు హాల్‌స్టెడ్, స్త్రీల వ్యాధులకు కెల్లీ, రోగనిదానశాస్త్రమునకు వెల్చ్ ప్రధానాచార్యులైరి. వైద్యకళాశాల 1893లో ప్రారంభమయ్యెను. ధనమిచ్చిన వితరణశీలురగు స్త్రీల షరతు ననుసరించి, పురుషులతో సమానముగా స్త్రీలకును అందు ప్రవేశము లభించెను. ఈ విషయము ముందు మనకు మఱల అవసరమగును.

అంతవఱకు అమెరికాలో వైద్యవిద్య యెట్లుండెను? విద్యార్థులు పెద్దగదిలో బెంచీలపై కూర్చుండి ఉపన్యాసములు వినెడివారు. రోగిని దూరమునుండి చూచెడివారు. ఒక్క రోగినైనను తమ చేతులతో పరీక్షింపకయే పట్టము పుచ్చుకొని వైద్యులైనవారు పెక్కుమంది. ఆస్లర్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. చదువు చివరియేండ్లలోనున్న విద్యార్థులకు వార్డులో కొందఱు రోగులనప్పగించెను. రోగి చెప్పిన వృత్తాంతమును వ్రాసికొనుట, రక్తమును మూత్రమును పరీక్షించుట, దినదినము మార్పులను గుర్తించుట వారి విధి. ప్రొద్దున ఆచార్యుడు వార్డులోనికి రాగానే ఆయా విద్యార్థి రోగి మంచమునొద్ద నిలిచి తాను కనుగొన్నది విన్నవింపవలెను. ఆస్లర్ మొదట చూచును, పిదప తాకును, ఆపై వినును. ఆ తరువాతనే మాటలాడును.

పట్టము పొందినవారికి ఆయన మఱియొక యేర్పాటు చేసెను. జర్మనీ దేశపు పద్ధతినుండి కొంత గ్రహించి, యువవైద్యులు ఆసుపత్రియందే నివసించి శిక్షణ పొందునట్లు వ్యవస్థ కల్పించెను. మొదటి సంవత్సరము క్రింది వైద్యుడుగా పనిచేసినవారిలో కొందఱిని ఎన్నుకొని సహాయ వైద్యులుగా నిలుపుదురు. వారిలో ఒకడు ప్రధాన నివాసవైద్యుడై కొన్ని సంవత్సరములు వార్డులన్నిటి భారమును వహించును. పైవాడు క్రిందివానికి నేర్పును. నేర్పుచు తానును నేర్చుకొనును. రేయింబవళ్ళు రోగులమధ్యనే యుండుటచేత వ్యాధి మొదటినుండి తుదివఱకు నడచు నడక వారి కన్నులముందు సాగును. ఆసుపత్రిలో నివసించుట వలననే దీనికి రెసిడెన్సీ యను పేరు వచ్చెను. హాల్‌స్టెడ్ శస్త్రచికిత్సయందును ఇట్టి పద్ధతినే నెలకొల్పెను. నేడు లోకములోని అనేక దేశములలో ప్రత్యేకవైద్యులు తయారగునది ఈ త్రోవననే.

ఇంతవఱకు చెప్పినది ఆసుపత్రి గోడలలోపలి కథ. గోడలవెలుపల బాల్టిమోర్ యెట్లుండెనో యిప్పుడు చూతము. ఆ మహానగరమునకు భూగర్భ మురుగుకాలువలు లేకుండెను. ఇండ్లప్రక్క గోతులలో మలినము నిలుచుచుండెను. అది నేలలో ఇంకి బావులలోనికి చేరుచుండెను. టైఫాయిడ్ అనబడు సన్నిపాత జ్వరము ఏటేట వచ్చు అతిథివలె వచ్చి, వార్డులను నింపి పోవుచుండెను. ఆ జ్వరమునకు సరియైన మందు ఆనాడు లేదు. చల్లనినీటి స్నానములు, తేలికపాటి ఆహారము, జాగ్రత్తగల పరిచర్య – ఇంతియే చికిత్స. ఆస్లర్ తన శిష్యులకు ఈ పరిచర్యను శ్రద్ధగా నేర్పెను. అయితే అంతటితో ఊరకుండలేదు. ప్రతి టైఫాయిడ్ రోగియు ఎవరో ఒకరి అలసత్వమునకు సాక్షియని ఆయన నమ్మెను. శుద్ధమైన నీరును, మురుగు పోవు దారియు ఏర్పఱచిన నగరములలో ఈ జ్వరము తగ్గినదని లెక్కలతో చూపుచు, నగరాధ్యక్షుని సమక్షమునందే సభలలో మొగమాటము లేక మందలించెను. 1904 ఫిబ్రవరిలో గొప్ప అగ్నిప్రమాదము జరిగి నగరపు నడిబొడ్డు కాలిపోయిన పిమ్మట, పునర్నిర్మాణముతోపాటు మురుగుకాలువల నిర్మాణమును బాల్టిమోర్ చేపట్టెను.

మలేరియా విషయము మఱియొక పాఠము. జ్వరముతో వచ్చిన ప్రతివానికిని మలేరియా యనియో, టైఫాయిడ్‌తో కలిసిన మలేరియా యనియో పేరుపెట్టుట ఆనాటి వైద్యులకు పరిపాటి. ఫ్రెంచివైద్యుడగు లావెరాన్ 1880లో మలేరియా జీవిని రక్తమున కనుగొనినపుడు ఆస్లర్ వెంటనే నమ్మలేదు. తానే అనేక రోగుల రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ జీవిని కన్నులార చూచి, తన సందేహము తప్పని బహిరంగముగా ఒప్పుకొనెను. అటుపిమ్మట ఆయన వార్డులలో జ్వరరోగి రక్తపరీక్ష తప్పనిసరియయ్యెను. ఏది మలేరియా, ఏది టైఫాయిడ్ అని విడదీయగలిగినప్పుడే నివారణమునకు దారి తెలియును. ఒకదానికి దోమను, మఱియొకదానికి నీటిని అదుపు చేయవలసియుండును గదా. మలేరియాకు దోమకును గల సంబంధమును రొనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదునందు కనుగొనెనని మన విద్యార్థులెఱుగుదురు.

ఇక ఆస్లర్ జీవితములో మేము ముఖ్యముగా చెప్పదలచిన ఘట్టమునకు వచ్చుచున్నాము. అది క్షయవ్యాధిని గూర్చినది. ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని జర్మనీలో రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను. కారణము తెలిసినను మందు దొరకలేదు. ఆసుపత్రికి వచ్చిన క్షయరోగి దగ్గుమందు సీసా పుచ్చుకొని ఇంటికి పోవును. ఆ యిల్లు ఎట్టిది? అతనితోపాటు ఎందఱు పరుండుదురు? అతడు ఉమ్మివేయునది యెచ్చట? ఈ ప్రశ్నలకు వార్డులో జవాబు లేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరియేండ్లలో ఆస్లర్ ఒక యేర్పాటు చేసెను. వైద్యవిద్యార్థినులను ఆ రోగుల ఇండ్లకు పంపెను. వారిలో అడిలైడ్ డచర్ అను విద్యార్థిని మిక్కిలి ప్రసిద్ధురాలు. ఆమె ఇరుకుసందులలో తిరిగి, గాలి వెలుతురులేని గదులను చూచెను. రోగియు బిడ్డలును ఒకే పడకపై నుండుటను, ఒకరు ఖాళీచేసిన గదిలోనికి శుభ్రముచేయకయే మఱియొక కుటుంబము వచ్చుటను గుర్తించెను. కిటికీ తెఱచియుంచుడు, ఉమ్మిని వేఱుపాత్రలో పట్టి కాల్చుడు, రోగికి ప్రత్యేకముగా పడక వేయుడు అని యింటింట బోధించెను. క్షయను గూర్చి చర్చించుటకు 1900లో హాప్‌కిన్స్‌లో స్థాపింపబడిన లెనెక్ సంఘమున ఆమె తన పరిశీలనలను చదివి వినిపించెను. తరువాత కొలది సంవత్సరములలోనే ఇండ్లకు వెళ్ళుటకై ఒక నర్సు ప్రత్యేకముగా నియమింపబడెను. 1905లో ఫిప్స్ అను దాత ధనసహాయముతో క్షయరోగులకు వేఱుగా చికిత్సాలయము వెలసెను. 1904లో అమెరికా దేశమంతటికిని క్షయనివారణ సంఘ మేర్పడినప్పుడు దాని స్థాపకులలో ఆస్లర్ ఒకడు.

పాఠకులు ఇందలి విశేషమును గమనింపవలెను. ఆ విద్యార్థిని ఇంటిలో చూచినది వార్డులోని గురువునకు తెలియును. వార్డులో గురువు చూపినది ఇంటిలో ఆమెకు అర్థమగును. ఊపిరితిత్తుల చప్పుడు వినుటయు, పడకగది కిటికీని చూచుటయు ఒకే పాఠములో భాగములయ్యెను. కాయచికిత్సయు రోగనివారణమును ఒకే శిక్షణలో కలియుటయనగా నిదియే.

ఆస్లర్ వ్రాసిన వైద్యగ్రంథము కథయు చిత్రమైనదే. 1892లో వెలువడిన ఆ గ్రంథము టైఫాయిడ్ జ్వర ప్రకరణముతో ప్రారంభమగును. అందు ఆయన ప్రతి రోగమునకు ఏది తెలియునో, ఏది తెలియదో దాచక వ్రాసెను. కోటీశ్వరుడగు రాక్‌ఫెల్లర్‌నకు దానవిషయములలో సలహాదారైన ఫ్రెడరిక్ గేట్స్ వైద్యుడు కాకపోయినను, 1897 వేసవిలో ఈ గ్రంథమును ఆసక్తితో చదివెను. ఇన్ని రోగములకు కారణమైనను తెలియదా, మందైనను లేదా యని ఆశ్చర్యపడి, వైద్యపరిశోధనకు ధనమీయుమని యజమానికి సలహానిచ్చెను. తత్ఫలితముగా 1901లో రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయము స్థాపింపబడెను. ఆ కుటుంబపు ధనముతోనే 1916లో హాప్‌కిన్స్‌నందు ఆరోగ్యశాస్త్ర పాఠశాలయు వెలసెను. 1932లో కలకత్తానందు అఖిల భారత ఆరోగ్యశాస్త్ర సంస్థకు సహాయమందెను. మందులు తక్కువయని నిజము చెప్పిన గ్రంథమొకటి ఇంత మేలునకు త్రోవతీసెను.

ఆస్లర్ స్వభావమున సరసుడు. చిన్ననాటి చిలిపితనము ఆయనను ఎన్నడును విడువలేదు. కల్పితనామముతో పరిహాసపు వ్రాతలు వ్రాసి సంపాదకులను ఏమార్చెడివాడు. 1892లో గ్రేస్ రెవియర్‌ను వివాహమాడెను. మొదటిబిడ్డ పుట్టిన వారములోనే మరణించెను. 1895లో రెవియర్ అను కుమారుడు కలిగెను. బాల్టిమోర్‌లో ఆయన ఇంటి తాళపుచెవులు పొరుగుననున్న యువవైద్యులయొద్దను ఉండెడివి. వారు వేళగాని వేళలోనైనను లోనికి వచ్చి ఆయన పుస్తకములను చదువుకొనెడివారు. పనిభారము మితిమీరుటచే 1905లో ఆయన ఇంగ్లండునకు మఱలి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రాజనియుక్త వైద్యాచార్యుడయ్యెను. 1911లో సర్ బిరుదు పొందెను.

1914లో మహాయుద్ధము ఆరంభమయ్యెను. అంతకు ముందు దక్షిణాఫ్రికా యుద్ధమున బ్రిటిషు సైనికులు టైఫాయిడ్ చేతనే సుమారు ఎనిమిదివేలమంది మరణించిరి. ఆ విపత్తు మఱల రాకుండుటకై ఆస్లర్ సైనికుల శిబిరములకు స్వయముగా పోయి, టైఫాయిడ్ టీకా వేయించుకొనుడని బోధించెను. టీకా వద్దని ప్రచారము చేయువారితో పత్రికలలో వాదించెను. టీకాలవలనను, నీటి శుద్ధివలనను ఈ యుద్ధమున ఆ జ్వరముచే మరణించిన బ్రిటిషు సైనికుల సంఖ్య మిక్కిలి తగ్గెను. అయితే జ్వరమునుండి రక్షింపగలిగిన వైద్యుడు ఫిరంగిగుండునుండి తన కుమారుని రక్షించుకొనలేకపోయెను. ఏకైక పుత్రుడు రెవియర్ 1917 ఆగస్టులో బెల్జియమునందలి ఈప్రె యుద్ధభూమిలో గాయపడి మరణించెను. తండ్రి ప్రియశిష్యులలో ఒకడైన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఆ రాత్రి అతని ప్రక్కనుండెను. ఆస్లర్ ఈ దుఃఖమును పైకి చూపక వార్డులకు పోవుచునే యుండెను. కాని లోలోపల క్రుంగిపోయెను.

1919 డిసెంబరు 29వ తేదీన, డెబ్బదవ యేట, న్యుమోనియా సంబంధమైన వ్యాధితో ఆక్స్‌ఫర్డ్‌నందు ఆయన కన్నుమూసెను. ఆయన సేకరించిన వేలకొలది పుస్తకములు తాను చదివిన మెగిల్‌కు చేరినవి; ఆ గ్రంథాలయమునందే ఆయన చితాభస్మము కూడ ఉంచబడినది. తాను విద్యార్థులకు వార్డులలో వైద్యము నేర్పితినని తన సమాధిపై వ్రాసిన చాలునని ఆయన కోరిక.

ఆస్లర్ మరణించిన పిమ్మట క్షయకు మందులు వచ్చినవి. అప్పుడు మన దక్షిణదేశమునందొక పరీక్ష జరిగెను. 1956లో మద్రాసునందు స్థాపింపబడిన క్షయచికిత్సా కేంద్రమువారు బీదరోగులలో కొందఱిని శానిటోరియమునందును, కొందఱిని వారి యిండ్లయందే యుంచియు మందులిచ్చిరి. ఇంట మందులు సరిగా తీసికొన్నవారికిని అంతే నయమగునని, వారివలన కుటుంబమునకు అధికమైన అపాయము లేదని 1959లో వెల్లడియయ్యెను. ఆ యేడే బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ నెలకొల్పబడెను. డచర్ రోగకారణమును వెదకుచు తట్టిన ఇంటితలుపే ఈ విధముగా చికిత్సకును ద్వారమయ్యెను. 1946లో భోర్ సంఘమువారు మన వైద్యవిద్యార్థులకు మూడునెలలు నివారణవైద్యమున శిక్షణ నీయవలెనని సూచించిరి. నేడు వైద్యపట్టము కోరువారు కొంతకాలము గ్రామములలోను పేటలలోను పనిచేయవలసియున్నది.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. వైద్యుడు ఇంటికి వచ్చినపుడు, మందుతోపాటు రోగకారణమునుగూడ అడుగుడు. నీటికుండను, బావిగట్టును ఆయనకు చూపుడు. విద్యార్థులకును ఒక మాట. మీలో వైద్యులు కాగోరువారుందురు. రోగి యింటిలోనికి పోయి వానితో మాటలాడవలెనన్న వాని భాష రావలెను. ఇంట తెలుగును వీధిలో మఱియొక భాషను మాటలాడుచు పెరిగిన మీకు రెండిండ్ల తలుపులు తెఱచుకొనును. ఆస్లర్ శిష్యులకు కష్టపడి సంపాదింపవలసి వచ్చిన ఆ చనువు మీకు పుట్టుకతోనే లభించినది. దానిని చిన్నదిగా నెంచకుడు.